డబ్బా మోత ఆగితే

మా ఓనరాంటీ పోయిందని, ఆమెతో కలిసి పనిచేసే రాంనగర్ అన్న ఫోన్ చేసినప్పుడు నేను నారాయణగూడ చౌరస్తాలో, సిగ్నల్ దగ్గర ఆటోలో ఉన్నాను. మధ్యాహ్నం అన్నం తిని, డబ్బా పక్కనే చాప వేసుకుని పడుకుందట. చాయ్ వేళకు లేవలేదట. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు చెప్పాడట. తర్వాత, ఇది కూడా చెప్పాలన్నట్టుగా అన్నాడు. "ఫ్యూజులు నడుముకే ఉన్నయమ్మా. అన్ని బంద్ చేసే పండుకున్నది."

బయటివాళ్లకు ఆ మాట అర్థం కాదు. నాకు అర్థమైంది. ఆ కరెంటు డబ్బా ఆమెను ఏమీ చేయలేదని, ఆమె ఎప్పటిలాగే జాగ్రత్తగా పోయిందని అన్న చెబుతున్నాడు. అంత దుఃఖంలోనూ మనసు కొంచెం కుదుటపడింది. నేను ఆఫీసు పని మీద పోతున్నదాన్ని, ఆటో అతనితో హిమాయత్‌నగర్ వద్దు, అశోక్‌నగర్ పోనీ అన్నాను.

ఆంటీ నాకు చుట్టం కాదు. సర్కారు నౌకరీ కోసం మహబూబ్‌నగర్ వైపు ఊరి నుంచి పుస్తకాల సంచితో సిటీకి వచ్చినప్పుడు, అశోక్‌నగర్‌లో నాకు దొరికిన గదికి యజమానురాలు, అంతే. కానీ ఆ ఇంట్లో కొన్నాళ్లున్న వాళ్లెవరినైనా చూడండి, ఎక్కడన్నా ఏదన్నా మోత చటుక్కున ఆగిందంటే చేతిలో పని వదిలేస్తారు. నీళ్ల మోటారు ఆగినా అంతే, ఫ్రిజ్ ఆగినా అంతే. పెళ్లయిన కొత్తలో మా ఆయన ఇది చూసి నవ్వేవాడు. ఇప్పుడు ఆయనా నవ్వడం మానేశాడు, గరిటె నా చేతిలోంచి తీసుకుని కూర తనే కలుపుతాడు.

ఆ మోత సంగతి చెప్తాను. ఆంటీ, అంకుల్ నియాన్ బోర్డులు చేసేవాళ్లు. ఒకప్పుడు చిక్కడపల్లి చుట్టుపక్కల సినిమా హాళ్ల మీద, హోటళ్ల మీద ఎర్రగా, నీలంగా వెలిగే అక్షరాలుండేవే, అవి. గాజు గొట్టాన్ని మంట మీద కాల్చి అక్షరంగా వంచడం అంకుల్ పని. ఆ తర్వాతదంతా ఆంటీ పని. వంచిన గొట్టంలోంచి గాలి లాగేయాలి. లోపల అంటుకున్న మురికి పోవడానికి వేల వోల్టుల కరెంటు పంపి గాజును లోపలినుంచే కాల్చాలి. చల్లారాక గ్యాసు నింపి మూతి మూసేయాలి. ఆ వేల వోల్టులు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరునే ఆమె డబ్బా అనేది. ముందు గదిలో ఒక మూలంతా ఆక్రమించుకుని ఉండేది. నడిచినంతసేపూ గూం అని ఒకటే మోత, గోడల్లోంచి, మంచాల కోళ్లలోంచి పైకి పాకేది.

నేను వచ్చేనాటికి అంకుల్ లేడు. ఎల్ఈడీలు వచ్చి నియాన్ బోర్డుల పని ఇంచుమించు చచ్చిపోయింది. మళ్లీ ఆ రోజుల్లోనే హిమాయత్‌నగర్‌లో కొత్తగా కాఫీ దుకాణాలు పెట్టే కుర్రాళ్లకు ఆ పాత వెలుగు మీద మోజు పుట్టింది. అంకుల్ దగ్గర పని నేర్చిన రాంనగర్ అన్న గొట్టాలు వంచి, పాత బొంతల్లో చుట్టి స్కూటర్ మీద తెచ్చేవాడు. ఆంటీ వాటికి ప్రాణం పోసి పంపేది.

గది చూపించిన రోజు ఆమె నాకు పెట్టిన షరతు ఒకటే. వేరే ఇళ్లల్లో మాంసం వండొద్దంటారు, చుట్టాలు రావొద్దంటారు. ఈమె అదేమీ అడగలేదు. "మోత ఇనబడ్డంతసేపు సదువుకో బిడ్డా. ఆగితె పుస్తకం మూసి కిందికి రా. మళ్ల మోత మొదలైనంకనే పైకి పో," అంది. డబ్బాను వరసపెట్టి నడపకూడదు, ఒక గొట్టం కాల్చాక దానికి విశ్రాంతి ఇవ్వాలి. ఆ విశ్రాంతి ఇంట్లో అందరికీ వర్తిస్తుందన్నమాట. ఈమెకు కొంచెం తిక్క ఉన్నట్టుంది అనుకున్నాను. ఇంకొకటి కూడా వింతగా తోచింది. పై గది తలుపుకు లోపలివైపు గడియ లేదు. గడియ ఉండాల్సిన చోట మేకుల రంధ్రాలున్నాయి, వాటి మీద రంగు పూసేశారు. ఆడపిల్ల ఉండే గదికి గడియ లేకపోతే ఎట్లా అని అడిగితే, మెట్ల దగ్గర గ్రిల్లుంది, దాని తాళంచెవి నీ దగ్గరే పెట్టుకో, తలుపుకు ఈ తీగ కొక్కెం చాలు, గాలికి కొట్టుకోదు అంది. కిరాయి తక్కువ. నేను ఎక్కువ వాదించలేదు.

చుట్టుపక్కల హాస్టళ్ల వాళ్లు ఆ ఇంటి గదుల్లో ఉండే మమ్మల్నందరినీ డబ్బా హాస్టలోళ్లు అని ఏడిపించేవాళ్లు. వాళ్లు పొద్దుటి నుంచి స్టడీ హాల్లో కుర్చీకి అతుక్కుపోయి ఉంటే, మేం మోత ఆగినప్పుడల్లా వరండాలోకొచ్చి చిక్కుడుకాయలు వొలిచేవాళ్లం. అవును, ఆంటీ మాతో అదే చేయించేది. చిక్కడపల్లి మార్కెట్ నుంచి తెచ్చిన సంచి మా మధ్య గుమ్మరించేది. అక్కడ సిలబస్ మాట ఎత్తకూడదు. ఎవరన్నా పొరపాటున కరెంట్ అఫైర్స్ అంటే, ఈ ఇంట్ల కరెంటు సంగతి నేను జూస్త, మీరు కాయలు జూడుండ్రి అనేది. అందరం దిగాక కూడా ఆమె ఒకసారి మెట్లవైపు చూసి కాసేపు ఆగేది. ఎవరైనా మిగిలారేమోనని చూస్తుందనుకునేదాన్ని.

ఆమె పని చేసేటప్పుడు లోపలికి ఎవరినీ రానిచ్చేది కాదు. కిటికీ ఊచల్లోంచి చూసేవాళ్లం. గొట్టానికి తీగలు తగిలించేముందు గోడమీది పింగాణీ ఫ్యూజులు రెండూ పీకి నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలో వేసుకునేది. స్విచ్చు కట్టేస్తే చాలదా అంటే, స్విచ్చు ఎవలన్న ఏస్తరు, ఇవి నా నడుముకాడుంటె ఎవలేస్తరు అనేది. అన్నీ సరిచూసుకుని, దూరం జరిగి, ఫ్యూజులు పెట్టి, ఎడమ చేతిని కొంగులో చుట్టుకుని కుడి చేత్తో మాత్రమే చక్రం తిప్పేది. ఒక్కసారిగా ఎక్కించేది కాదు. డబ్బాకు పోయే కరెంటును అడ్డుకునేందుకు పెద్ద చోకు ఒకటి ఉండేది, దాన్ని కొంచెం కొంచెంగా వదులుతూ, మీటరు ముల్లు మీదే కళ్లు పెట్టి పోయేది. గొట్టం మీద ఒక పేపరు ముక్క వేసి ఉంచేది. అది గోధుమరంగు తిరిగిందంటే గాజు కాలిందన్నట్టు, వెంటనే ఆపేసేది. "ఎంత ఎక్కియ్యాలె అనేది అందరికి తెలుస్తది. ఎప్పుడు ఆపాలె అనేదే పని," అని రాంనగర్ అన్నతో అంటుంటే ఎన్నోసార్లు విన్నాను.

ఒక ఎండాకాలం నేను ఊరికే అన్నాను, డబ్బాకు ఇంతసేపు విశ్రాంతి ఎందుకు ఆంటీ, దాని మీదికి ఒక టేబుల్ ఫ్యాను తిప్పితే తొందరగా చల్లబడుతుంది కదా అని. ఆమె చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది. లేచి లోపలికి వెళ్లింది. రాంనగర్ అన్న నావైపు చూసి, ఆ మాట మళ్లీ అనకు అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఎందుకో అప్పుడు తెలియలేదు.

మొదటి పరీక్ష కొద్దిలో పోయింది. రెండోది కూడా పోయింది. తర్వాత రావాల్సిన నోటిఫికేషన్ ఇదిగో అదిగో అంటూ వాయిదాలు పడింది. ఊళ్లో నాతోపాటు చదివినవాళ్లకు పెళ్లిళ్లయి పిల్లలు కూడా పుట్టారు. మా అమ్మ ఫోన్‌లో ఏమీ అడిగేది కాదు, ఆ అడగకపోవడమే నాకు కత్తిలా ఉండేది. ఇక నాకు ఆగడం అంటే భయం పట్టుకుంది. పుస్తకం మూసిన ప్రతి నిమిషం ఎవరో నన్ను దాటిపోతున్నారనిపించేది. చెవుల్లో దూది పెట్టుకోవడం మొదలుపెట్టాను, మోత ఆగడం వినబడకుండా. ఎప్పుడైనా కిందికి వెళ్లినా అందరికంటే ఎక్కువ నవ్వి, అందరికంటే ఎక్కువ జోకులేసి వచ్చేసేదాన్ని. ఆంటీ అడిగితే బాగనే ఉన్న అనేదాన్ని. కొన్నాళ్లకు దిగడమే మానేశాను. చదువుతున్నానా అంటే అదీ లేదు, ఒకే పేజీ తెరిచి ఉండేది. పేజీ మీద చూపు, మనసులో మాత్రం ఎవరితోనూ చెప్పకూడని ఆలోచనలు.

ఒకరోజు పొద్దెక్కాక ఏదో తేడాగా అనిపించింది. దూది ఉన్నా ఆ మోత మంచంలోంచి ఒంటికి తెలిసేది, ఆరోజు అది కూడా లేదు. దూది తీసేశాను. ఇల్లంతా నిశ్శబ్దం. కింద రాంనగర్ అన్న బతిమాలుతున్నాడు. సాయంత్రం హిమాయత్‌నగర్‌లో దుకాణం ఓపెనింగ్, గొట్టాలు పొద్దుటి నుంచి పడి ఉన్నాయి, ఆ పిల్లలు ఫోన్ మీద ఫోన్ కొడుతున్నారు, పరేషాన్ అవుతుంది అంటున్నాడు. ఆంటీ గొంతు వినబడింది. "పైన పిల్ల దిగనియ్యి. గప్పటిదాక డబ్బా పెట్ట."

తర్వాత మెట్ల మీద అడుగులు. ఆమె మోకాళ్ల నొప్పులతో పైకి రావడం చాలా అరుదు. తలుపు తోసుకుని వచ్చి, నా పక్కన నేల మీద కూలబడింది. ఒళ్లో ఆ రెండు పింగాణీ ఫ్యూజులు. నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. పెట్టి, కాలినట్టు వెనక్కి తీసుకుంది. చల్లగానే ఉన్నాను నేను. ఆమె ముఖంలో అంత భయం ఎందుకో అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది.

చాలా ఏళ్ల కింద ఒక దసరాకు చేతినిండా పని పడిందట. కొత్త సినిమాలు, కొత్త హోటళ్లు, అందరికీ పండగలోపే బోర్డు వెలగాలి. డబ్బాకు విశ్రాంతి ఇచ్చే తీరిక లేక అంకుల్ దాని మీదికి టేబుల్ ఫ్యాను తిప్పాడు. గొట్టానికీ గొట్టానికీ మధ్య మూత మీద చెయ్యి పెట్టి చూసేవాడు, చల్లగానే ఉంది కదా అని మళ్లీ నడిపేవాడు. ఫ్యాను గాలికి చల్లబడింది పైన రేకు మాత్రమే. లోపల రాగి తీగ చుట్లలో వేడి వేడి మీద పేరుకుంటూనే ఉంది. చివరికి తీగల మీది వార్నిష్ మాడి, చుట్టు చుట్టుకు తగిలి, కాలుతున్న గొట్టం మధ్యలోనే డబ్బా మాడిపోయింది. కాలేముందు ఒక్కసారి కూడా చేతికి వెచ్చగా తగల్లేదట. తర్వాత తీగంతా విప్పించి మళ్లీ చుట్టించుకున్నారు, డబ్బా బతికింది.

ఆ దసరాకే ఈ గదిలో ఒక అబ్బాయి ఉండేవాడు. మావైపు వాడే, పరీక్షలకు చదువుకోవడానికి వచ్చినవాడు. ఆంటీ చేతుల్లో గొట్టాలతో అటూ ఇటూ తిరుగుతుంటే మెట్ల మీద ఎదురయ్యేవాడు, ఎట్లున్నవంటే నవ్వేవాడు, బాగనే ఉన్న ఆంటీ అనేవాడు. ఒకపూట అన్నానికి రాకపోతే పైకొచ్చి నుదురు ముట్టి చూసింది. జ్వరమేమీ లేదు. కింద పని ఆగిపోతుందని దిగిపోయింది. పండగ దాటాక వాడు ఈ గదిలోనే తన ప్రాణం తనే తీసుకున్నాడు. లోపలినుంచి పెట్టుకున్న గడియను అంకుల్ పగలగొట్టాడు. మళ్లీ పెట్టించలేదు.

"చెయ్యి పెట్టి చూసిన బిడ్డా. చల్లగనే ఉండె," అంది ఆంటీ.

ఆమె ఏడవలేదు. ఫ్యూజులను ఒళ్లో అటొకటి ఇటొకటి జరుపుతూ కూర్చుంది. నేను తలుపు మీది ఆ రంగు పూసిన రంధ్రాలవైపు చూశాను. అందరం దిగాక కూడా ఆమె మెట్లవైపు చూసి ఆగేది ఎవరికోసమో అప్పుడు తెలిసింది. ఎన్నో నెలలుగా అంటున్న ఆ అబద్ధం ఇక నోటికి రాలేదు. "బాగలేను ఆంటీ," అన్నాను.

ఆమె చెయ్యి పట్టుకుని కిందికి దింపింది. ఆ రోజు డబ్బా అసలు పెట్టలేదు. హిమాయత్‌నగర్ దుకాణం బోర్డు లేకుండానే ఓపెనింగ్ చేసుకుంది. రాంనగర్ అన్న కాసేపు గొణిగి, తర్వాత తనే మా మధ్య కూర్చుని కాయలు వొలిచాడు. మర్నాడు ఆంటీ మా అమ్మను ఊరి నుంచి పిలిపించింది, ఇద్దరూ కలిసి నన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. బాగుపడటానికి చాలాకాలమే పట్టింది. ఆ మందుల రోజుల్లో కూడా డబ్బా మోత ఆగితే ఆమె మెట్ల కింద నిలబడి నన్ను పేరు పెట్టి పిలిచేది.

తన పక్క గదిలోకి మారమంది. కొన్నాళ్లు మారాను, మళ్లీ పైకే వెళ్లాను. భయపడలేదా అంటే పడ్డాను. మధ్యాహ్నాలు ఎదురుగా గోడకు ఆనుకుని ఎవరో చదువుకుంటున్నట్టు ఉండేది. గాలికి తీగ కొక్కెం కదిలితే ఒళ్లు జలదరించేది. కానీ పోనుపోను ఆ భయంలో జాలి కలిసింది. మోత ఆగినప్పుడు పుస్తకం మూసి, దా పోదాం అని ఆ ఖాళీ గదితో కూడా అనడం అలవాటైంది. నవ్వుకోండి, నాకేం. ఆ ఇంట్లో అట్లా అనకుండా దిగడం నాచేత కాలేదు.

పెద్ద పరీక్షలు నాకు కలిసిరాలేదు. వేరే చిన్న ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, లోయర్ ట్యాంక్ బండ్ వైపు కాపురం. అప్పుడప్పుడు వెళ్లి వరండాలో కూర్చునేదాన్ని. పోయినసారి వెళ్లినప్పుడు ఆంటీ చాయ్ ఇస్తూ మెట్లవైపు తల తిప్పి, పై గదిలో కొత్తగా వచ్చిన పిల్ల సంగతి ఎత్తింది. నారాయణపేట దిక్కు పిల్ల, మంచిదేనట, చదువుతుందట. "నవ్వుతది. నవ్వెటోళ్లనే జర జూసుకోవాలె," అంది. నేను ఆమె నోట విన్న చివరి మాటల్లో అది ఒకటి.

దశదినకర్మ నాడు ఆ ఇంట్లో ఇప్పుడు ఉంటున్నవాళ్లు, ఒకప్పుడు ఉండి వెళ్లినవాళ్లు చాలామందే వచ్చారు. ఆంటీకి పిల్లల్లేరు, చెల్లెలే అన్నీ చూసింది. డబ్బా మీద తెల్లటి పంచె కప్పి, దాని మీద ఆమె ఫోటో పెట్టారు. ఫోటో ముందు ఆ రెండు పింగాణీ ఫ్యూజులు. రాంనగర్ అన్న పెట్టి ఉంటాడు. పొద్దున ఆ నారాయణపేట పిల్ల అందరికీ మంచినీళ్లు అందించింది, అందరినీ నవ్వుతూ పలకరించింది. చదువుకోవాలని పైకి వెళ్లింది.

వరండాలో భోజనాలకు కూర్చున్నాం. కరెంటు పోయి ఉంది, పక్క హాస్టల్ జనరేటర్ ఒకటే మోత. కరెంటు వచ్చినట్టుంది, చటుక్కున జనరేటర్ ఆగింది. ఒక్కసారిగా మా అందరి చేతులూ విస్తళ్ల మీద ఆగిపోయాయి. జుట్టు నెరిసినవాళ్లు, ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, ఇంకా చదువుతున్నవాళ్లు, అందరం ముద్ద కలుపుతున్న చేతులు తీసేసి మెట్లవైపు చూశాం. మెట్ల మీద ఎవరూ రాలేదు.

నేను చెయ్యి కడుక్కుని పైకి వెళ్లాను. కొక్కెం పెట్టి ఉంది, తోస్తే తలుపు తెరుచుకుంది. ఆ పిల్ల పుస్తకం ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి చటుక్కున నవ్వింది.

"మోత ఆగింది, దా," అన్నాను.

"డబ్బా పెట్టనే లేదు గదక్కా," అంది.

"అందుకే. ఆగి చాన రోజులైంది."

బాగనే ఉన్నక్కా, మీరు తినుండ్రి అంది, ఇంకా నవ్వుతూనే. నా చెయ్యి ఆమె నుదుటి దాకా వెళ్లింది. పెట్టలేదు. ఆంటీ కూర్చున్న చోటే నేల మీద కూర్చున్నాను. "నేనైతే బాగలేను. ఆంటీ లేని ఇంట్ల ముద్ద దిగుతలేదు. జర తోడు రా," అన్నాను. ఆమె నవ్వు మెల్లగా పోయింది. కాసేపు పుస్తకంవైపు చూసింది. తర్వాత దాన్ని మూసి లేచింది.

దిగేముందు అలవాటు కొద్దీ గదివైపు తిరిగి, దా పోదాం అన్నాను. ఎవరితో అక్కా అని ఆ పిల్ల అడగలేదు. మెట్లు ఇరుకు. మేం సగం దిగామో లేదో, వెనక తీగ కొక్కెం కదిలి, దగ్గరికి వేసి వచ్చిన తలుపు దానంతటదే తెరుచుకున్న చప్పుడయింది. ఇద్దరం ఒకేసారి గోడకు ఒరిగి, వచ్చేవాళ్లకు దారిచ్చాం.